చూపుకు చోటు

చెంగల్రాయన్న మొదట కెమెరా ఇయ్యలేదు.
అగ్గిపెట్టె డొప్ప అడుగు చించి చేతిలో పెట్టి
"దీంట్లోనించి చిత్తూరు చూసి రాపో" అన్నాడు.

గాంధీ రోడ్డంతా ఒంటికన్నుతో నడిచాను.
దోసెల పెనం పట్టింది, దోసె పోసే చెయ్యి పట్టలేదు.
బెల్లం దిమ్మ పట్టింది, మోసే మెడ పట్టలేదు.
పొద్దుగూకేసరికి భయమేసింది,
వదిలేసినవాటికి కూడా నేనే లెక్క చెప్పాలని.

ఇరవై రెండేళ్ళు పెళ్ళి వీడియోలు తీసిన నోరు ఆయనది.
"తల మీద చోటు వదల్లేదనుకో,
మనిషి గడపకు తల కొట్టుకున్నట్టుంటాడు.
మరీ వదిల్తే బాయిలో పడినట్టుంటాడు.
మనసులో నిలువుకి రెండు, అడ్డానికి రెండు గీతలు గీసుకో,
గీతలు కలిసేకాడ కండ్లు పెట్టు.
నట్టనడిమి దేనికంటే, రేషన్ కార్డు ఫోటోకి.
జూము మీట మర్చిపో. కాళ్ళుండాయి కదమ్మే, దగ్గరికి పో.
పాన్ చేసేటప్పుడు నెత్తిన నీళ్ళబిందె ఉందనుకో."

జూన్‌లో గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట
మైలున్నర ట్రాక్టర్లు.
తోతాపురి కాయల మూడోరోజు వాసన,
తీపి కాస్తా పులుపుకు తిరిగే వాసన.
దాన్ని ఏ లెన్సూ పట్టదు.
ఈగల్ని తీశాను, క్లోజప్‌లో.

లోడు మీద నాదమునెయ్య, గుడిపాల పక్కనించి.
నేను కాంపౌండు గోడెక్కి పైనించి తీశాను.
కాయల్లో ఇంకో కాయలా ఉన్నాడు.
అన్న ఈల వేశాడు:
"దిగు. పైనించి చూస్తే ఎవుడైనా తప్పు చేసినోడి మాదిరే ఉంటాడు."
దిగి, బురదలో మోకాళ్ళేసి తీశాను.
"ఏందిమ్మే, కటౌట్ కడతావా ఆయనకి?"
చివరికి పక్క ట్రాక్టరు టైరెక్కాను.
ఆయన కళ్ళెంత ఎత్తులో ఉన్నాయో, నా కెమెరా అంతే ఎత్తులో.

ఆయన నన్ను చూడలేదు. గేటునే చూస్తున్నాడు.
ఎటు చూస్తే అటు చోటు వదలాలి, అది నియమం,
చూపుకు ఊపిరాడాలి.
ఆయన్ని ఎడమ అంచుకు జరిపి
కుడిపక్కంతా ఖాళీగా ఉంచాను.
ఆ ఖాళీలోకి ఎవరో వస్తారని
చూసేవాళ్ళకు ఆశ పుడుతుందట.

బటన్ నొక్కాక పదంకెలు లెక్కపెట్టాలి.
పది అయింది. ఆపలేదు.
నలభై.
ఖాళీలో దుమ్ము లేచింది, ఒక కుక్క దాటింది,
గేటు ఊచలు అట్లే ఉన్నాయి.

వాచ్‌మన్ ముఖం కూడా కావాలన్నాను.
"గేటుకీ ట్రాక్టరుకీ నడుమ ఒక గీత ఉందనుకో.
ఒక పక్కనే ఉండి తియ్యి.
దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తా ఉన్నట్టుంటారు."
నేను దాటలేదు.
ఆ మూడు రోజులూ ఎవరూ దాటలేదు ఆ గీతను.

"కిలో ఎంతకు రాసిచ్చినారు?" అన్నాను.
ఆయన నోరు తెరవలేదు.
టోకెన్ చీటీ రొమ్ముకు ఆనించి పట్టుకున్నాడు.
అంకె మీద బొటనవేలు,
వేలి మీద సొన కాల్చిన మచ్చ.
ఇక చేతుల్నీ ముఖాన్నీ విడదీయబుద్ధి కాలేదు.
రెండూ ఒకే ఫ్రేములో సర్దాను,
చీటీ అడుగంచున.
నా జీవితంలో మొదటి మంచి షాట్ అనుకున్నాను.

రాత్రి ఎనిమిది వార్తల్లో పన్నెండు సెకండ్లు వేశారు.
తెర అడుగున ఆషాఢం చీరల తగ్గింపు
ఎర్ర పట్టీ మీద పరుగెత్తుతూ పోయింది,
చీటీ మీదుగా, వేళ్ళ మీదుగా.
ముఖం మాత్రం మిగిలింది, దేనికో కోపంగా ఉన్నట్టు.

అన్న టీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు,
"అడుగున నాలుగువేళ్ళు స్క్రోలింగుకి వదలాలని
నీకు చెప్పనేలేదు గదా."

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు ఫోను.
వెనక ఇంకా ట్రాక్టర్ల హారన్లు.
"పాపా, టీవీలో చూసినామన్నారు మా ఊరోళ్ళు.
చీటీ కనబళ్ళేదంట.
ఇంకోతూరి వస్తావా?
ఈసారి రవ్వంత పైకెత్తి పట్టుకుంటా."